తొమ్మిదో అంశం

"తడి చేతుల్తో పట్టుకోకు. సిరా అలుక్కుపోద్ది" అంటూ మా ఆయన కాగితాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

మంగళవారం పొద్దున్న. నేను గోంగూర వలుస్తున్నాను. గురువారం గుంటూరులో పార్టీ సమావేశం ఉందనీ, ముప్పైమందికి భోజనాలు మన ఇంటి నుంచే వెళ్లాలనీ ముందురోజే చెప్పాడు. మన ఇంటి నుంచి అంటే నా చేతుల్లోంచి అని అర్థం. పచ్చడి రెండ్రోజులు ముందే నూరి పెడితే ఊరి బాగుంటుందని నాలుగు కట్టలు ముందేసుకుని కూర్చున్నాను.

"ఎక్కడ పెట్టాలి?"

"ఎప్పుడూ పెట్టేచోటే. అడుగున."

ఎనిమిదేళ్లుగా ఇదే వరస. కూలి రైతు పక్షం జిల్లా కమిటీలో నేనొక సభ్యురాలిని. ఓటు లేని అధ్యక్షుడు కాక మొత్తం ఇరవై ఒక్కమంది, అందులో ముగ్గురు ఆడవాళ్లు. ఆడవాళ్లు ఉండి తీరాలని పార్టీ పెట్టిన జక్రయ్య మాస్టారు పట్టుబట్టి మరీ రాయించారు. ఉన్నామా అంటే ఉన్నాం, పుస్తకంలో. సమావేశం జరిగే గది గుమ్మం కూడా నేను తొక్కలేదు. రాలేని సభ్యులు సమ్మతి పత్రం పంపవచ్చని ఒక నియమం ఉంది. ఊళ్లో పెళ్లో, ఒంట్లో జ్వరమో వచ్చి ఆగిపోయే మగవాళ్ల కోసం పెట్టిన నియమం అది. దాన్ని పూర్తిగా వాడుకున్నది మాత్రం మా ముగ్గురి తరఫు మగవాళ్లు. నా కాగితం మా ఆయన నతానియేలు పట్టుకెళతాడు. చిలకలూరిపేట ఖుర్షిదా కాగితం వాళ్లాయన అష్రఫ్ పట్టుకెళతాడు. పర్చూరు లిడియా టీచర్‌ది ఆమె మరిది సాల్మన్ పట్టుకెళతాడు. టీచరమ్మ భర్త పోయి ఆరేళ్లయినా ఆమె ఓటుకి మగ తోడు తప్పలేదు.

నాది మిరప వ్యాపారం. రైతుల దగ్గర కాయ కొని, ఆడవాళ్లతో తొడిమలు తీయించి, తొడిమ లేని కాయ కావాలనే ఎగుమతి వాళ్లకి పంపుతాను. బస్తా మూతి దగ్గర నిగనిగలాడే ఎర్రకాయ పేర్చి అడుగున తెల్లబారిన తాలుకాయ కుక్కేవాళ్లని పదేళ్లుగా చూస్తున్నాను. అందుకే మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాను. ఒక కాయని చెవి దగ్గర ఆడిస్తాను. లోపల గింజ గలగలమంటే ఎండిన సరుకు. మూగగా ఉంటే బరువు కోసం నీళ్లు చల్లారని లెక్క. మిర్చి యార్డులో నన్ను చూసి "అమ్మో, సంతోషకుమారి వచ్చింది, బస్తా అడుక్కి పోద్ది" అని నవ్వుకుంటారు. అలాంటి నేను ఎనిమిదేళ్లుగా ఈ కాగితాల మీద ఒక్కసారీ చదవకుండా సంతకం పెడుతున్నాను.

ఎందుకంటే మొదటి ఏడాది ఒకసారి చదవబోయాను. "ఏం, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకం అనే మాట బేరంలో వినపడితే ఆ బస్తా అక్కడికక్కడే కుమ్మరించి చూస్తాను. ఇంట్లో వినపడినప్పుడు మాత్రం కలం తీసుకున్నాను.

ఆ మంగళవారం కూడా తీసుకునేదాన్నే. ఇంతలో ఆయన ఫోను మోగింది. "అన్నా, చెప్పన్నా" అంటూ వాకిట్లోకి నడిచాడు. ఎప్పుడూ ఒకటే కాగితం ఉండేది, ఈసారి రెండున్నాయి. చేతులు పమిటకి తుడుచుకుని రెండోది పైకి తీశాను. ఎన్నికల ప్రణాళిక, సవరించినది, దీనికి నా పూర్తి సమ్మతి అని ఉంది అడుగున. వేలు పెట్టుకుంటూ కిందికొచ్చాను. ఏడో అంశం పత్తికి మద్దతు ధర. ఎనిమిది సాగర్ కాలవ చివరి భూములకి నీళ్లు. తొమ్మిది, మిర్చి కొనుగోలుకి వచ్చే వ్యాపారులకు విశ్రాంతి గది.

తొమ్మిదో అంశం అది కాదు.

తొమ్మిదో అంశం నేను చెబితే పుట్టింది. తొడిమలు తీసే ఆడవాళ్లని కూలీలుగా నమోదు చేసి గుర్తింపు కార్డులివ్వాలి, పనిచేసే ప్రతిచోటా నీడకి రేకుల కప్పు, తలుపున్న మరుగుదొడ్డి ఉండాలి. గత ఎన్నికల ముందు జక్రయ్య మాస్టారు మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, నిలబడే చెప్పాను. ఆయన కూర్చోమని, నా చేతికే కలమిచ్చి "నువ్వే రాయి. చిన్నప్పుడు నీ పలక చూసే మిగతా పిల్లలు అక్షరాలు దిద్దేవాళ్లు" అన్నారు. నాకు చదువు చెప్పింది ఆయనే.

పెళ్లయ్యాక పదకొండేళ్లు నేనూ తొడిమలు తీశాను. గోడౌన్ల వెనక నేల మీద బారుగా కూర్చుని, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా. ఆ మంట సబ్బుతో పోదు, కొబ్బరినూనెతో పోదు. మా మహిమ పుట్టాక మా అత్త నా చేతికి పిల్లనిచ్చేది కాదు. "ఆ చేతుల్తో పిల్ల మొహం ముట్టుకోకు, కళ్లు పోతాయి" అనేది. నిజమే, తప్పేం లేదు. అవే చేతుల్తో అన్నం కలిపి పెడితే మాత్రం ఇంటిల్లిపాదీ తిన్నారు. మంట గురించి అడిగినవాళ్లు లేరు. ఇంకో సంగతి ఉంది, అది ఎవరూ పైకి చెప్పరు. మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేవాళ్లం కాదు. తాగితే వెళ్లాలి, వెళ్లడానికి చోటు లేదు. నాతో పనిచేసిన ఒకామె మూత్రపిండాలు పాడై నలభై నిండకుండానే పోయింది. ఎండదెబ్బ అన్నారు.

నేను పుణ్యాత్మురాలినేం కాదు. షెడ్డు పెట్టుకుని యజమానురాలినయ్యాక, తలుపున్న దొడ్డి కట్టించడానికి నాకూ నాలుగేళ్లు పట్టింది. రేపు, వచ్చే పంటకి అని వాయిదాలు వేశాను. అవతలి వైపు కూర్చుంటే అది ఎంత తేలిగ్గా వాయిదా పడుతుందో నాకు తెలుసు. అందుకే కాగితం మీద ఉండాలన్నాను.

ఆయన ఫోను పెట్టేసి వచ్చేసరికి రెండో కాగితం నా చేతిలో ఉంది.

"తొమ్మిదో అంశం ఏమైందండీ?"

"ఓ అదా." కుర్చీ లాక్కున్నాడు. విసుక్కుంటాడనుకున్నాను. ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు, అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. "చూడు సంతోషీ. మాస్టారికి పక్షవాతం వచ్చి పడిపోయారు, అధ్యక్షుడిగా ఉండలేనన్నారు. సోమవారంతో నామినేషన్లు ఆఖరు. బీ-ఫారాల మీద సంతకం పెట్టడానికి గురువారం కొత్త అధ్యక్షుడు తేలాలి. నేనూ, రామకాంత్ లాయరూ నిలబడ్డాం. మగాళ్లు పద్దెనిమిది మంది. ఆయన వైపు పది, నా వైపు ఎనిమిది. మీ ముగ్గురి పత్రాలు కలిపితే పదకొండు. సరిపోయిందా?"

"సరిపోయింది. తొమ్మిదో అంశం?"

"కోల్డ్ స్టోరేజీల వాళ్లు ప్రచారానికి పది జీపులు ఇస్తామన్నారు. వాళ్ల ఆవరణల్లో సభలు పెట్టుకోమన్నారు. ఆ ఒక్కటీ తీసెయ్యమన్నారు, అంతే. కాయ అమ్ముకునేదానివి, నీకు నేను చెప్పాలా? ఒకటి వదిలితేనే ఒకటొచ్చేది."

బేరం బాగానే చేశాడు. కాకపోతే సరుకు ఆయనది కాదు. ఆ మాట అనేలోపే వసారాలో జపమాల తిప్పుతున్నట్టు చిక్కుళ్లు ఒలుస్తున్న మా అత్త అక్కడినుంచే అందుకుంది. "మొగుడు పెద్ద నాయకుడైతే ఆ గౌరవం నీది కాదటే? పెట్టవే సంతకం. టీ కోసం బయట నలుగురు కూర్చునున్నారు."

టీ పొయ్యి మీద పొంగింది. ఆయన కలం నా వేళ్ల మధ్య పెట్టాడు. పెట్టాను. రెండు కాగితాల మీదా పెట్టాను. చేతి పని ఆగకుండా జరిగిపోయే పనుల్లో అదొకటైంది మా ఇంట్లో.

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, వడ్డనకి నువ్వొక్కదానివీ చాలవు. ఖుర్షిదానీ, లిడియా టీచర్నీ కూడా రమ్మను. అష్రఫ్‌కీ, సాల్మన్‌కీ నేను చెప్తాలే."

ఆ రోజంతా కుదురు లేదు. పచ్చడిలో ఉప్పు రెండుసార్లు వేశాను. షెడ్డులో తూకం దగ్గర ఒకే బస్తాని రెండుసార్లు కాటా ఎక్కించాను. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎందుకు లేచానో తెలియలేదు. ఎవరితో పోట్లాడాలో తెలిస్తే కాస్త నయంగా ఉండేది. మా ఆయన తాగుబోతు కాదు, చెయ్యి చేసుకోడు. సభల్లో మైకు పట్టుకుని "మా ఆవిడ వ్యాపారం చూసుకుంటుంది, నేను ప్రజల్ని చూసుకుంటాను" అంటే జనం చప్పట్లు కొడతారు. ఆ ప్రజల పేర్లు ఆయనకి చెప్పేది నేను. ఏ ఊళ్లో ఎవరి కూతురికి పురుడొచ్చింది, ఎవరింట్లో ప్రార్థన కూటం ఉంది, ఎవరిని పలకరించకపోతే మనసు కష్టపెట్టుకుంటారు, అన్నీ పొద్దున్నే చీటీ రాసి ఆయన చొక్కా జేబులో పెడతాను. ఇరవై రెండేళ్లుగా ఆయన మంచితనానికి సరుకు సరఫరా చేస్తున్నది నేనే. ఆ మంచితనం పేరు మీద నా తొమ్మిదో అంశాన్నే పది జీపులకి ఇచ్చేశాడు. అడగలేదు కూడా. నా సంతకం ఆయనకి అడిగి తీసుకునే వస్తువులా కనపడలేదు.

బుధవారం కాయ దింపించుకోవడానికి బైపాస్ పక్కన కోల్డ్ స్టోరేజీల దగ్గరికి వెళ్లాను. ప్రహరీ వెనక పట్టా పరుచుకుని యాభైమంది ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నారు. మౌలాబీ నన్ను చూసి మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. ఇద్దరం ఒకప్పుడు పక్కపక్కన కూర్చుని పనిచేశాం.

"అక్కా, ఈసారి మీవాళ్లు గెలిస్తే మాకు కార్డులు ఖాయమంటగా? మొన్న బావగారు వచ్చి చెప్పిపోయాడు."

"మొన్నా? ఎప్పుడు?"

"ఆదివారం. తొమ్మిదో అంశం అని గట్టిగా చెప్పాడక్కా. నా చేత అందరికీ చెప్పించాడు. మా దాంట్లో యాభై ఓట్లూ మీకే."

కాగితంలో తీసేసింది మనిషికి అమ్ముతూనే ఉన్నాడు. మౌలాబీ పక్కన నీళ్ల సీసా ఉంది. పన్నెండు దాటింది. సీసా నిండుగా ఉంది, మూత సీలు కూడా తీయలేదు.

"నీళ్లు తాగవే" అన్నాను.

"ఇంటికి పోయాక తాగుతాలే" అని నవ్వింది. "నీకు తెలీందా?"

ఇంటికొచ్చి, దీపాల వేళకి ముందే, మంచం కింద రేకు పెట్టె లాగాను. పార్టీ పెట్టినప్పుడు నియమాలన్నీ ఒక నోటు పుస్తకంలో చక్కగా రాయమని మా ఆయన నాకు పురమాయించాడు. తన రాత కోడి గీకినట్టుంటుందని. మూడు రాత్రుల పని అది, వంట అయ్యాక. అచ్చుకిచ్చి తిరిగొచ్చిన ఆ పుస్తకాన్ని ఎవరూ అడగలేదు. నేనే దాచాను. పదకొండో నియమం నా అక్షరాల్లో నాకు దొరికింది. సమ్మతి పత్రం ఇచ్చిన సభ్యుడు స్వయంగా హాజరైన పక్షంలో పత్రం చెల్లదు.

ఎన్నిసార్లు చదివానో. హాజరవడం అంటే ఏముంది, వెళ్లి కూర్చోవడమే. నన్నూ, మిగతా ఇద్దర్నీ గురువారం ఆ భవనంలోకి వడ్డనకి పిలిచింది మా ఆయనే. సంతకాలు ఒక సంచిలో, మనుషులు ఇంకో చోట ఉన్నంతకాలమే ఆయన లెక్క పదకొండు. వడ్డించే చేతులూ సంతకం పెట్టే చేతులూ ఒకటేనన్న సంగతి ఆయనకి తట్టలేదు. తట్టే అవసరం ఇంతకాలం రాలేదు.

గురువారం తెల్లవారుజామునే వంట మొదలై తొమ్మిదికి అయింది. ట్రాలీ ఆటోలో గుండిగలు ఎక్కించి, వాటి మధ్య మేం ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ప్రత్తిపాడు దాటాక విషయం చెప్పాను. జీపుల సంగతి, తొమ్మిదో అంశం, మౌలాబీ నీళ్ల సీసా.

ఖుర్షిదా కోడికూర గిన్నె మూత జారకుండా రెండు చేతులా పట్టుకుని విన్నది. "ఎనిమిదేళ్లు నా సంతకం మీటింగులకి పోయొచ్చింది వదినా. నేను మాత్రం ఒక్కసారన్నా పోలా. దానికున్న అదృష్టం నాకు లేదు" అంది. ముగ్గురం నవ్వాం. తర్వాత ఆమే అంది, "మా ఆయన ఊరుకోడు."

"ఎవరాయన ఊరుకుంటాడు?" అంది లిడియా టీచర్. కళ్లజోడు సవరించుకుని నోటు పుస్తకం తీసుకుంది. ముప్పై రెండేళ్లు ఆరో తరగతికి లెక్కలు చెప్పిన మనిషి. పదకొండో నియమం ఒకసారి, పన్నెండోది రెండుసార్లు చదివింది. "గెలవాలంటే మొత్తం సభ్యుల్లో సగానికి పైన రావాలి. అంటే పదకొండు. మనం ముగ్గురం లేకపోతే ఎవరికీ రావు." పుస్తకం మూసి నా వైపు చూసింది. "సంతోషం, మేమిద్దరం ఏదో ఒకటి చెప్పుకుంటాం. నతానియేలు ఓడిపోయాడనుకో, సాయంత్రం ఆ ఇంటికి పోవాల్సింది నువ్వు."

"తెలుసు టీచర్."

తెలుసు అన్నానే గానీ, ఆటో బ్రాడీపేటలో మలుపు తిరిగేదాకా అదే లెక్క వేస్తున్నాను. ఆయన మాట్లాడడం మానేస్తాడు. పదిహేను రోజులో, నెలో. అత్త చుట్టాలందరికీ ఫోన్లు చేస్తుంది. మొగుణ్ణి ఓడించిందని చర్చిలో ఆడవాళ్లు పక్కకి జరిగి కూర్చుంటారు. ఇదంతా ఒక పక్క. రెండో పక్క ఏముందో తూచడానికి నా దగ్గర రాయి లేదు. ఒక నిండు నీళ్ల సీసా ఉంది.

సమావేశం ఒక కోచింగ్ సెంటర్ పైన, రెండో అంతస్తులో. భోజనాలు ఆ పైన డాబా మీద, షామియానా కింద. గుండిగలు మోసుకుంటూ గది ముందు నుంచే పోవాలి. తలుపు తీసే ఉంది. మా ఆయన తెల్ల చొక్కాలో ఉన్నాడు. ఆ చొక్కా ఉదయం వంట మధ్యలో నేనే ఇస్త్రీ చేశాను.

రామకాంత్ లాయరు మాకు దారిచ్చి పెద్దగా అన్నాడు, "చూశారా, అసలు పార్టీ వచ్చింది. ఈ అమ్మలే లేకపోతే మన పక్షం ఎప్పుడో ఆకలితో పోయేది!" అందరూ నవ్వారు. అష్రఫ్ కూడా నవ్వి "ముక్కలు బాగా పడ్డాయా?" అని భార్యనడిగాడు. ఆమె గుండిగ సర్దుకుని మెట్లెక్కింది.

డాబా మీద గుండిగలు దింపాం. చేతులు కడుక్కున్నాం. లోపల ఎన్ని కుర్చీలున్నాయో పైకెక్కేటప్పుడే లెక్కపెట్టాను. పద్దెనిమిది, మాస్టారి చేతుల కుర్చీ కాక. మాకంటూ వేయలేదు. భోజనాల కుర్చీల్లోంచి తలా ఒకటి తీసుకుని మెట్లు దిగాం. ఖుర్షిదా మెట్ల మధ్యలో ఆగి కుర్చీ దించింది. "కుర్చీ బరువు" అంది.

కార్యదర్శి సాల్మన్ అప్పటికే హాజరు చదువుతున్నాడు, తల ఎత్తకుండా. మగవాళ్ల పేర్లు అయిపోయాయి. "ఖుర్షిదా, సమ్మతి పత్రం. లిడియా, సమ్మతి పత్రం. సంతోషకుమారి, సమ్మతి..."

"ఉన్నానండీ" అన్నాను.

కుర్చీ నేల మీద పెట్టిన చప్పుడు నా గొంతు కన్నా పెద్దగా వినిపించింది. నా వెనక రెండు కుర్చీలు కూడా కిర్రుమన్నాయి. మేం కూర్చున్నాం.

మొదట ఎవరికీ కోపం రాలేదు, అర్థం కాలేదు. మా ఆయన లేచి వచ్చాడు. "ఏమైంది? గ్యాసు అయిపోయిందా?"

"అంతా బాగానే ఉందండి. హాజరు వేయించుకోవడానికి వచ్చాం."

"పత్రాలు ఇచ్చేశారుగా వదినా!" అన్నాడు సాల్మన్, నాతోనో, టీచర్‌తోనో తేల్చుకోలేక ఇద్దర్నీ చూస్తూ.

"పదకొండో నియమం చదువు సాల్మన్" అంది లిడియా టీచర్, తరగతి గది గొంతుతో.

"పుస్తకం... ఇంటి దగ్గరుంది."

నేను సంచిలోంచి నోటు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. అది చేతులు మారి మాస్టారి దగ్గరకి చేరింది. పక్షవాతం వచ్చాక ఆయన కూడబలుక్కుంటూ మాట్లాడుతున్నారు. పేజీ మీద ఎడమచెయ్యి వేసి చాలాసేపు చూశారు. "ఈ అక్షరం... నాకు తెలుసు" అన్నారు. తర్వాత ఒక్కొక్క మాటే లాగి అన్నారు, "పత్రాలు... చెల్లవు."

గదిలో కలకలం రేగింది. ఒకరు "ఇదేం పద్ధతయ్యా" అన్నారు, ఇంకొకరు "ముందు అన్నాలు తినొద్దాం" అన్నారు. రామకాంత్ లాయరు మాత్రం లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. "నియమం నియమమే. ఆడవాళ్లు స్వయంగా వచ్చారు, సంతోషించాలి. చేతులెత్తించండి."

మా ఆయనకి ఎనిమిది చేతులు లేచాయి. రామకాంత్‌కి పది. మా మూడు జతల చేతులు ఒడిలోనే ఉన్నాయి.

"పది సరిపోవు లాయరుగారూ" అంది టీచర్. "పన్నెండో నియమం."

అప్పుడు లాయరు మా వైపు తిరిగాడు. ముప్పైమందికి వండుకొచ్చిన ఆడవాళ్ల వైపు కాకుండా, ఓటున్నవాళ్ల వైపు తిరిగాడు. గొంతు మారింది, 'గారు'లు వచ్చాయి. "సంతోషకుమారిగారూ, మీకేం కావాలో చెప్పండి."

"తొమ్మిదో అంశం మునుపటిలా ప్రణాళికలో ఉండాలి. ఉంటుందని రాసి, ఎవరు సంతకం పెడితే వాళ్ల గురించి అప్పుడు ఆలోచిస్తాం."

"అది యూనియన్లు చూసుకునే వ్యవహారమమ్మా. ఎన్నికల ప్రణాళికలో మరుగుదొడ్ల గురించి రాస్తే నవ్వుతారు."

"వ్యాపారులకి విశ్రాంతి గది రాశారుగా. దాన్లో ఏముంటుందండీ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి దగ్గులోకి దించుకున్నారు. "ముందు నన్ను గెలిపించండి, తర్వాత కూర్చుని మాట్లాడదాం" అన్నాడు లాయరు. తర్వాత అనే మాట నేను షెడ్డులో నాలుగేళ్లు అన్నాను. దాని బరువెంతో నాకు తెలుసు.

మా ఆయన నా కుర్చీ పక్కన వంగాడు. వాసన తెలుస్తోంది, ఇస్త్రీ బట్టదీ, పొద్దున టిఫిన్‌లోకి నేను వేసిన పచ్చడిదీ. చెవిలో అన్నాడు, "పరువు తియ్యకు. ఇంటికి పోయాక మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడదామండి" అన్నాను, మెల్లగానే. "ఇంట్లో నాకు ఓటు లేదు."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. అష్రఫ్ తన భార్యని తలుపు వైపు రమ్మని కళ్లతో పిలుస్తున్నాడు. ఖుర్షిదా ఆ కళ్లు చూడకుండా గోడ మీద క్యాలెండర్‌లో తేదీలు లెక్కపెడుతోంది. మాస్టారు నోటు పుస్తకం ఇంకా మూయలేదు.

పైన డాబా మీద పప్పుచారు చల్లారిపోతోందని ఒక అలవాటు నా లోపల గొణుగుతూనే ఉంది. లేచి వెళ్లమని కాళ్లు పీకుతున్నాయి. లేవలేదు.

మా ఆయనకి నా గురించి ఒకటి తెలుసు. బేరంలో నేను ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పను, తగ్గను, లేచి పోనూ పోను. యార్డులో నా పక్కన నిలబడి ఆ సంగతి చాలాసార్లు చూశాడు, వినోదంగా. నెమ్మదిగా బల్ల దగ్గరికి వెళ్లి తెల్ల కాగితం లాక్కున్నాడు. నిలబడే రాశాడు. కోడి గీకినట్టే రాశాడు. సంతకం పెట్టి, తెచ్చి నా ముందు బల్ల మీద వేసి, వేలితో అడుగున చూపించాడు. తన సంతకం అక్కడుంది చూసుకో అన్నట్టు.

ఎప్పుడూ చూపించేచోటే.

నేను పై నుంచి మొదలుపెట్టాను. తొడిమలు తీసే మహిళలను కూలీలుగా నమోదు చేసి. సరే. గుర్తింపు కార్డులు ఇచ్చి. సరే. పని ప్రదేశాలలో వీలైనంతవరకు నీడ, మరుగుదొడ్డి ఏర్పాటు చేయించగలము.

ఆ ఒక్క మాట దగ్గర వేలు ఆగింది. నీళ్లు చల్లిన కాయ చెవి దగ్గర పెట్టినట్టే ఉంది. చప్పుడు లేదు.

కలం అడిగాను. సాల్మన్ తనది ఇచ్చాడు. 'వీలైనంతవరకు' మీద అడ్డంగా గీత గీశాను, పక్కన నా పొడి సంతకం పెట్టి, కాగితాన్ని మా ఆయన వైపు తోశాను.

ఆయన కాగితం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. యార్డులో అవతలి పక్క ఎంతకి దిగుతుందో తేలనప్పుడు మనిషి కళ్లు కొంచెం చిన్నవవుతాయి, చేతిలో ఉన్న కాయని మర్చిపోయి ఎదుటి మొహాన్నే చదువుతాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నన్నలా చూడడం అదే మొదటిసారి.

పైనుంచి ఎవరో కేక వేశారు, వడ్డన మొదలెట్టేదెప్పుడని. నేను కుర్చీ ఇంకాస్త బల్ల దగ్గరికి జరుపుకున్నాను.